స్టాటిక్ వేరియబుల్ చిరునామా ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది?

మెమరీ వేగాన్ని కొలవడానికి ‘స్ట్రీమ్’ అనే చిన్న సీ ప్రోగ్రాం ఉంది. సూపర్ కంప్యూటర్లతో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్నదే. దాని గుండెకాయ మూడు పెద్ద అర్రేలు (వరసగా పేర్చిన సంఖ్యల పట్టీలు), మూడూ స్టాటిక్. నేటి సర్వర్లలో క్యాష్ (ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే వేగమైన మెమరీ) పెద్దది కాబట్టి అర్రేలను కూడా పెంచితేనే కొలతకు అర్థం ఉంటుంది. సరే అని ఒక్కో అర్రేకు 20 కోట్ల సంఖ్యలు అని రాసి కంపైల్ చేస్తే, రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మారుమాట లేకుండా తన పని ముగిస్తుంది. ఆ తర్వాత, ముక్కలన్నిటినీ కలిపి ఒకే ప్రోగ్రాం చేసే లింకర్ మొరాయిస్తుంది. చిరునామా తనకిచ్చిన జాగాలో పట్టడం లేదని, రాయాలంటే కత్తిరించాల్సి వస్తోందని చెప్పి ఆగిపోతుంది. మెషీన్‌లో 256 జీబీ మెమరీ ఉన్నా అదే జవాబు.

ప్రోగ్రాంలో తప్పు లేదు, మెమరీకి కొరత లేదు. మరి పట్టనిది ఏమిటి? కంపైలర్‌కు లేని అభ్యంతరం లింకర్‌కు ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పోతే, స్టాటిక్ వేరియబుళ్ల చిరునామాలను కంపైలర్లు ఎలా కుదిస్తాయి, ఎలా పంచుకుంటాయి, కొన్నిసార్లు ఎలా మాయం చేస్తాయి అన్నదంతా బయటపడుతుంది.

## స్టాటిక్ అన్న మాటకు రెండు పనులు

ఫంక్షన్ లోపల మామూలుగా ప్రకటించిన వేరియబుల్ (లోకల్ వేరియబుల్) ఆ ఫంక్షన్ నడిచినంతసేపే బతుకుతుంది. స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీద కాస్త జాగా తీసుకుంటుంది, లేదా ప్రాసెసర్ లోపలి చిన్న గూడైన రిజిస్టర్‌లోనే దాని ఆయుష్షు గడిచిపోతుంది. మళ్లీ పిలిచినప్పుడు మరోచోట పుట్టవచ్చు. దాని ముందు స్టాటిక్ అని చేరిస్తే, ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒకే చోట ఉంటుంది, పాత విలువ చెరిగిపోదు.

ఇదే మాటను ఫంక్షన్ల బయట ఉన్న వేరియబుల్ ముందు పెడితే అర్థం వేరు. బయటి వేరియబుల్‌కు స్థిరమైన జాగా ఎలాగూ ఉంది. అక్కడ స్టాటిక్ అంటే ఆ పేరు ఆ ఫైలు గడప దాటదని అర్థం. మిగతా ఫైళ్లు దాన్ని పేరుపెట్టి పిలవలేవు. ఒకే మాటకు రెండు పనులు అప్పగించిన ఈ పిసినారితనం వల్ల సీ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ తికమక పడుతూనే ఉన్నారు.

మొదటి అర్థం చిరునామాను స్థిరపరుస్తుంది. రెండో అర్థం కంపైలర్ చేతికి స్వేచ్ఛనిస్తుంది. చిరునామాల విషయంలో ఎక్కువ లాభం తెచ్చేది రెండోదే అని నా అభిప్రాయం. కారణాలు ముందుకు పోయేకొద్దీ కనిపిస్తాయి.

ఇంకో రెండు పదాలు అవసరం. స్టాటిక్ వేరియబుళ్లలో మొదటి విలువ ఇచ్చినవి ‘డేటా’ అనే విభాగంలోకి, విలువ ఇవ్వనివి లేదా సున్నా ఇచ్చినవి ‘బీఎస్‌ఎస్’ అనే విభాగంలోకి చేరతాయి. ఈ రెండో పేరు 1950ల నాటి ఐబీఎం 704 అసెంబ్లర్ కాలం నుంచి మిగిలిపోయింది. బీఎస్‌ఎస్‌లో ఉన్నదంతా సున్నాలే కాబట్టి ప్రోగ్రాం ఫైలులో దాని పరిమాణం మాత్రమే రాసి ఉంచితే చాలు. స్ట్రీమ్ మెమరీలో 480 కోట్ల బైట్లు అడిగినా, డిస్కు మీద దాని ఫైలు చిన్నదిగానే ఉండటానికి ఇదే కారణం.

## ఖాళీ వదిలి అచ్చువేసిన శుభలేఖ

కంపైలర్ ఒకసారికి ఒక ఫైలునే చూస్తుంది. ఆ ఫైలు మిగతా ఫైళ్లతో కలిసి ఏ వరసలో కూర్చుంటుందో దానికి తెలియదు. అందుకని వేరియబుల్ చిరునామా ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, ‘ఇక్కడ ఫలానా వేరియబుల్ చిరునామా నింపాలి’ అని పక్కన ఒక చీటీ పెడుతుంది. ఆ చీటీని రీలొకేషన్ అంటారు. లింకర్ అన్ని ఫైళ్లనూ పేర్చి, చీటీలు చదివి, ఖాళీలు పూరిస్తుంది. ప్రోగ్రాంను మెమరీలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది చాలాసార్లు నడిపే క్షణంలో ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయిస్తుంది. అంటే పూర్తి చిరునామా మొదటి ఇద్దరిలో ఎవరికీ తెలియకపోవచ్చు.

కల్యాణమండపం ఇంకా ఖాయం కాకముందే శుభలేఖలు అచ్చువేయించినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. వేదిక దగ్గర ఖాళీ గీత వదులుతారు, తర్వాత చేత్తో రాస్తారు. పేరు తర్వాత తెలిసినా, గీత పొడవు మాత్రం అచ్చువేసే రోజునే తేలిపోతుంది. మండపం పేరు మరీ పొడవైతే గీత మీద పట్టదు. గీత గీసినవాడికి ఆ సంగతి తెలియదు, రాయడానికి కూర్చున్నవాడికే తెలుస్తుంది. స్ట్రీమ్ విషయంలో లింకర్ మొరాయించడం వెనక ఉన్నది ఇదే. ఖాళీ ఎంత పొడవు ఉండాలన్నది కంపైలర్ వేసే పందెం. ఈ వ్యాసంలో వచ్చే మెలకువలు చాలావరకు ఆ పందెం చుట్టూ అల్లుకున్నవే.

## 8 బైట్ల చిరునామా, 4 బైట్ల ఖాళీ

32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్ల కాలంలో ఈ చిక్కు లేదు. చిరునామా 4 బైట్లు, ప్రాసెసర్‌కు ఇచ్చే ఒక్కో ఆదేశం, అంటే ఇన్‌స్ట్రక్షన్‌లో ఖాళీ 4 బైట్లు. 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో ఆ కుటుంబం 64 బిట్లలోకి అడుగుపెట్టినప్పుడు చిరునామా 8 బైట్లయింది. ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌లోనూ ఖాళీని 8 బైట్లకు పెంచితే ప్రోగ్రాములు ఉబ్బిపోతాయి. అందుకని ఏఎండీ ఖాళీని 4 బైట్లుగానే ఉంచి, అందులో రాసే అంకె అర్థాన్ని మార్చింది. ఫలానా నంబరు ఇల్లు అని కాకుండా, ఇక్కడి నుంచి ఇంత దూరం అని రాయడం అన్నమాట. ‘ఇక్కడ’ అంటే ఎక్కడో చెప్పేది ఆర్‌ఐపీ అనే రిజిస్టర్. తర్వాత నడవబోయే ఇన్‌స్ట్రక్షన్ చిరునామా ఎప్పుడూ అందులో ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక ఇన్‌స్ట్రక్షన్ 1000వ బైటు దగ్గర మొదలై 6 బైట్లు ఉంది. వేరియబుల్ 5000 దగ్గర ఉంది. ఆర్‌ఐపీలో ఉండేది 1006. కాబట్టి ఖాళీలో నింపాల్సింది 5000 కాదు, 3994. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాంనంతా పది లక్షల బైట్లు అవతలికి జరిపినా ఈ 3994 మారదు, కోడ్, వేరియబుల్ రెండూ కలిసే కదిలాయి కాబట్టి.

ఇందులో నాకు నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. పాత పద్ధతిలో నేరుగా చిరునామా రాయడానికి వాడిన బిట్ల గుర్తునే ఏఎండీ కొత్త పద్ధతికి ఇచ్చేసింది. పాత పద్ధతి కావాలంటే ఇప్పుడు ఒక బైటు అదనంగా పెట్టాలి. ఒక పూర్ణాంకాన్ని రిజిస్టర్‌లోకి తేవడానికి కొత్త పద్ధతిలో 6 బైట్లు, పాత పద్ధతిలో 7. పూర్తి 64 బిట్ల చిరునామాను ముందు రిజిస్టర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాత విలువ తేవాలంటే 10, 2 కలిపి 12 బైట్లు. మరెక్కడికైనా జరపగలిగే పద్ధతే చవక కూడా కావడం ఈ రంగంలో అరుదు.

చవకకు హద్దు ఉంది. 4 బైట్లలో పట్టే దూరం ముందుకైనా వెనక్కైనా 2 జీబీ, అంటే సుమారు 214 కోట్ల బైట్లు. స్ట్రీమ్‌లో ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున అర్రే ఒక్కింటికి 160 కోట్ల బైట్లు. ఏ వరసలో పేర్చినా చివరి అర్రే మొదలయ్యేది 320 కోట్ల బైట్ల అవతల. కోడ్ నుంచి అంత దూరం 4 బైట్ల గీత మీద పట్టదు.

దీనికి కంపైలర్లు మూడు రకాల పందేలు పెట్టుకున్నాయి. వీటిని కోడ్ మోడళ్లు అంటారు. ‘స్మాల్’ మోడల్‌లో అంతా 2 జీబీలోపే ఉంటుందని నమ్మకం. ఏమీ చెప్పకపోతే ఇదే. ‘లార్జ్’ మోడల్‌లో దేన్నీ నమ్మరు, ప్రతి చిరునామాకూ 8 బైట్లు. ‘మీడియం’ ఈ రెంటికీ మధ్య రాజీ: జీసీసీ అనే కంపైలర్ మామూలుగా 65,536 బైట్లకు మించిన వేరియబుళ్లను విడిగా ‘పెద్దవి’ అనే విభాగంలో పెట్టి, వాటికి మాత్రమే పొడవైన చిరునామా వాడుతుంది. చిన్నాచితకా కౌంటర్లు పాత 6 బైట్ల దారిలోనే నడుస్తాయి. మీడియం మోడల్‌లో స్ట్రీమ్ నోరెత్తకుండా లింకవుతుంది.

ఆర్‌ఐపీ పద్ధతికి ఇంకో లోటు ఉంది. అర్రేలో ఐ-వ తావుకు పోవాలంటే మొదటి చిరునామాకు ఐ-ని 4తోనో 8తోనో హెచ్చించి కలపాలి. నేరుగా చిరునామా రాసే పద్ధతిలో ఆ కూడిక అదే ఇన్‌స్ట్రక్షన్‌లో ఇమిడిపోతుంది. ఆర్‌ఐపీ దూరంతో మాత్రం సూచికను కలపడానికి వీల్లేదు. అర్రే మొదలును ముందు ఒక రిజిస్టర్‌లోకి తెచ్చుకోవాలి. 2016లో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 16.10 తన ప్రోగ్రాములన్నిటినీ ఎక్కడైనా మొదలుపెట్టగల రూపంలోకి మార్చినప్పుడు వేగం తగ్గుతుందన్న వాదనకు ఇదొక కారణం. దాడి చేసేవాడికి చిరునామాలు ముందే తెలియకూడదన్నది ఎదుటి వాదన. లూపుల్లో (అదే పని పదేపదే చేసే చోట) కంపైలర్ ఆ అదనపు ఇన్‌స్ట్రక్షన్‌ను లూపు బయటికి లాగేస్తుంది కాబట్టి 64 బిట్ల ప్రాసెసర్ల మీద రెండో పక్షమే నెగ్గింది.

## ముందు పిన్‌కోడ్, ఆ తర్వాత ఇంటి నంబరు

64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌ కచ్చితంగా 4 బైట్లే. అందులోనే పని పేరు, రిజిస్టర్ల పేర్లు, చిరునామా అన్నీ సర్దుకోవాలి. 32 బిట్లలో 32 బిట్ల దూరాన్ని కుక్కలేరు. అందుకే చిరునామాను రెండు ముక్కలు చేస్తారు. ఏడీఆర్‌పీ అనే ఇన్‌స్ట్రక్షన్ 4096 బైట్ల పేజీ ఏదో చెబుతుంది, 4 జీబీ దాకా ఇటూ అటూ. తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఆ పేజీలో ఎన్నో బైటో చెబుతుంది. ఉత్తరానికి పిన్‌కోడ్ ఒకరు చూసి, ఇంటి నంబరు మరొకరు చూసినట్టు.

రిస్క్-ఫైవ్‌లోనూ (ఇది మరో ప్రాసెసర్ కుటుంబం) ఇలాంటి విభజనే, పై ముక్కకు 20 బిట్లు, కింది ముక్కకు 12. అక్కడొక మెలిక ఉంది. కింది 12 బిట్లను ఆ ప్రాసెసర్ రుణ సంఖ్యగా కూడా చదువుతుంది, −2048 నుంచి 2047 దాకా. ఒక వేరియబుల్ 40,000వ పేజీలో 3000వ బైటు దగ్గర ఉందనుకోండి. 3000 ఆ పరిధిలో పట్టదు. అప్పుడు పై ముక్కలో 40,001 అని రాసి, కింది ముక్కలో −1096 అని రాస్తారు. ఒక పేజీ ముందుకెళ్లి 1096 బైట్లు వెనక్కి రావడం. 4096లోంచి 1096 తీసేస్తే మిగిలేది 3000, లెక్క సరిపోయింది. రిస్క్-ఫైవ్ అసెంబ్లీ (యంత్ర ఆదేశాలను అక్షరాల్లో చూపే రూపం) మొదటిసారి చదివేవాళ్లు ‘పై అంకె ఒకటి ఎక్కువగా ఉందేమిటి’ అని కంగారు పడేది ఇక్కడే.

## ఒకే లంగరుకు కట్టిన పడవలు

ఇప్పుడు అసలు ఆప్టిమైజేషన్‌కు వద్దాం. ఒక ఫైలులో మూడు స్టాటిక్ పూర్ణాంకాలున్నాయి: లెక్క, మొత్తం, గరిష్ఠం. ఒక ఫంక్షన్ మూడింటినీ చదువుతుంది. ఆర్మ్‌లో ఒక్కోదానికి పేజీ ఇన్‌స్ట్రక్షన్ ఒకటి, చదివే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి, మొత్తం ఆరు. ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి కదా, పేజీ ఒక్కసారి చెబితే చాలదా?

చాలదు. మూడూ పక్కపక్కనే ఉన్నా, మొదటిది పేజీ చివరి 4 బైట్లలో, రెండోది తర్వాతి పేజీ మొదట్లో పడవచ్చు. అది తేలేది లింకర్ దగ్గర. పైగా అవి అన్ని ఫైళ్లకూ కనిపించే గ్లోబల్ వేరియబుళ్లయితే పక్కపక్కన ఉంటాయన్న నమ్మకం కూడా లేదు. వాటి అసలు నిర్వచనం వేరే ఫైలులో ఉండవచ్చు. స్టాటిక్‌కు ఉన్న రెండో అర్థం ఇక్కడ పనికొస్తుంది. పేరు బయటికి తెలియదు, నిర్వచనం ఈ ఫైలులోనే ఉంది, కాబట్టి వాటిని ఏ వరసలో పేర్చాలో కంపైలరే నిర్ణయించవచ్చు. పేర్చాక వాటి మధ్య దూరం దానికి కచ్చితంగా తెలుసు. మొదటిదాని చిరునామా తెలియకపోయినా, రెండోది దానికి 4 బైట్ల అవతల, మూడోది 8 బైట్ల అవతల.

జీసీసీ దీన్ని సెక్షన్ యాంకర్స్ అంటుంది. ఒకచోట లంగరు వేసి, దాని చిరునామాను ఒక్కసారి రిజిస్టర్‌లోకి తెచ్చుకుని, మిగతావాటిని లంగరు నుంచి దూరంతో పిలుస్తుంది. ఆర్మ్ కోసం జీసీసీ తయారుచేసిన అసెంబ్లీని తెరిస్తే వేరియబుల్ పేర్ల బదులు ‘ఎల్‌యాంకర్0’ అన్న పేరు కనిపించేది ఇందుకే. లంగరుకు రెండు ఇన్‌స్ట్రక్షన్లు, చదవడానికి మూడు, మొత్తం ఐదు. ఆరు నుంచి ఐదుకు తగ్గడం పెద్ద ఘనకార్యమేమీ కాదు. ఎనిమిది వేరియబుళ్లయితే 16 కాస్తా 10 అవుతాయి, అప్పుడు తేడా కంటికి ఆనుతుంది.

బాగా ఆదా అయ్యేది చిన్న చిప్‌ల మీద. కార్టెక్స్-ఎం0 వంటి మైక్రోకంట్రోలర్‌లో ఇన్‌స్ట్రక్షన్‌ ఎక్కువగా 2 బైట్లే. అందులో చిరునామా రాసే ప్రశ్నే లేదు. చిరునామాలను ఫంక్షన్ చివర ఒక చిన్న పట్టికలో దాచి, అక్కడి నుంచి చదువుకుంటారు. ఒక్కో వేరియబుల్‌కు పట్టిక నుంచి చిరునామా తెచ్చే 2 బైట్లు, పట్టికలో చిరునామాకు 4 బైట్లు, విలువ చదవడానికి 2 బైట్లు, కలిపి 8. మూడింటికి 24. లంగరు పద్ధతిలో 2, 4, ఆపై మూడు రెళ్లు 6, అంటే 12 బైట్లు. సరిగ్గా సగం. పైగా పట్టిక చదవడమూ మెమరీ చదవడమే. అవి మూడు నుంచి ఒకటికి తగ్గాయి.

ఎల్‌ఎల్‌వీఎం అనే మరో కంపైలర్ వ్యవస్థ ఇదే పనిని వేరే పేరుతో చేస్తుంది. ఫైలులోని స్టాటిక్ వేరియబుళ్లను ఒకే కట్టగా, అంటే ఒక పెద్ద స్ట్రక్చర్‌గా కలిపేస్తుంది. తమాషా ఏమిటంటే, అదే ఎల్‌ఎల్‌వీఎంలో ముందుగా నడిచే మరో దశ, ప్రోగ్రామర్ స్ట్రక్చర్‌గా రాసిన స్టాటిక్‌ను వీలైతే విడి వేరియబుళ్లుగా చీలుస్తుంది. విడిగా ఉంటే ఏది మారుతుందో ఏది మారదో తేల్చడం తేలిక. చీల్చి, తేల్చుకుని, చివర్లో మళ్లీ కట్టగడుతుందన్నమాట. వేరియబుళ్లను చేత్తో స్ట్రక్చర్‌లో పెడితే చిరునామాలు ఆదా అవుతాయన్న పాత సలహా తప్పు కాదు, కానీ ఇప్పుడు దానికి మునుపటంత విలువ లేదు.

అందరూ లంగరును మెచ్చుకోరు. పరికరాల్లోని చిన్న చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఎంబెడెడ్ రంగంలో చాలామందికి ప్రతి వేరియబుల్‌ను దాని సొంత విభాగంలో పెట్టించి, వాడనివాటిని లింకర్ చేత ఏరివేయించే అలవాటు ఉంది. ప్రతిదీ సొంత విభాగంలో ఉంటే వాటి మధ్య దూరం మళ్లీ లింకర్ చేతికి పోతుంది, లంగరుకు పని ఉండదు. వాడని సరుకు ఎక్కువున్న లైబ్రరీలతో ఏరివేత లాభం. అన్నీ వాడే చిన్న సొంత ప్రోగ్రాంలో లంగరు లాభం. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. బహుళ త్రెడ్ల (ఒకేసారి నడిచే పనివరసల) ప్రోగ్రాముల్లో ఇంకో ఫిర్యాదు ఉంది: వేర్వేరు త్రెడ్లు పెంచే కౌంటర్లు పక్కపక్కన చేరితే, 64 బైట్ల ఒకే క్యాష్ వరస కోసం కోర్లు పెనుగులాడతాయి. అప్పుడు చిరునామాలో మిగిల్చింది నిరీక్షణలో పోతుంది.

## లింకర్ చేతిలోని ఆఖరి అవకాశం

పూర్తి దూరాలు తెలిసేది లింకర్‌కే అయినప్పుడు, కుదింపు కూడా దానికే వదిలేయవచ్చు కదా? రిస్క్-ఫైవ్ అచ్చంగా అదే చేసింది. కంపైలర్ ప్రతి వేరియబుల్‌కు రెండు ఇన్‌స్ట్రక్షన్లు రాసి, వీలైతే కుదించమని చీటీ పెడుతుంది. జీపీ అనే రిజిస్టర్ ప్రోగ్రాం పొడవునా ఒకే చోటును చూపిస్తూ ఉంటుంది. వేరియబుల్ ఆ చోటుకు ఇటు 2048, అటు 2047 బైట్ల లోపల పడితే లింకర్ రెండింట్లో ఒకదాన్ని కొట్టేస్తుంది. కిటికీ మొత్తం 4096 బైట్లే కాబట్టి చిన్న వేరియబుళ్లను దాని చుట్టూ చేరుస్తారు. ఆలోచన కొత్తది కాదు. మిప్స్ ప్రాసెసర్లలో 16 బిట్ల దూరం ఉండటంతో ఇదే కిటికీ 64 కేబీ; 8 బైట్లకు మించని వేరియబుళ్లను అందులో పెట్టడం జీసీసీకి అక్కడ ఆనవాయితీ.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. ప్రోగ్రాం మొదలవగానే జీపీలో ఆ చోటు చిరునామా ఎక్కించాలి. ఎక్కించే ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్లను కూడా లింకర్ చూస్తుంది. ‘ఈ చిరునామా జీపీకి సున్నా బైట్ల దూరంలోనే ఉంది, కుదించవచ్చు’ అనుకుని, జీపీలో జీపీనే వేసుకునే ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. లెక్క ప్రకారం అది తప్పు కాదు, కానీ జీపీలో అప్పటికి ఉన్నది చెత్త. అందుకే రిస్క్-ఫైవ్ ప్రారంభ కోడ్‌లో ఆ ఒక్క చోట కుదింపు ఆపమని అసెంబ్లర్‌కు చెప్పే వరస తప్పకుండా ఉంటుంది. చిప్‌కు సొంతంగా ప్రారంభ కోడ్ రాసుకునేవాళ్లు ఆ వరస మరచిపోతే, మొదటి స్టాటిక్ వేరియబుల్ తాకగానే ప్రోగ్రాం చతికిలపడుతుంది.

## షేర్డ్ లైబ్రరీలో ఒక్క మాట తేడా

లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీలోని (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైలులోని) గ్లోబల్ వేరియబుల్‌ను అదే లైబ్రరీలోని కోడ్ కూడా నేరుగా తాకదు. అదే పేరుతో ప్రధాన ప్రోగ్రాంలో మరో వేరియబుల్ ఉంటే దానికే పెత్తనం ఇవ్వాలన్న నియమం ఉంది. ఎవరి వేరియబుల్ నెగ్గుతుందో నడిపే వేళకు గానీ తెలియదు. అందుకే కోడ్ ముందు ఒక పట్టికలోకి వెళ్లి, అక్కడ రాసి ఉన్న చిరునామా చదివి, ఆ తర్వాత విలువ దగ్గరకు పోతుంది. రెండు సార్లు మెమరీ. అదే వేరియబుల్ స్టాటిక్ అయితే పోటీ పేరు వచ్చే వీలే లేదు. ఆర్‌ఐపీ దూరంతో ఒక్క అడుగులో చేరుతుంది.

పాత 32 బిట్ల ఇంటెల్‌లో ఈ తేడా ఇంకా బాధించేది. ‘ఇక్కడి నుంచి దూరం’ పద్ధతి డేటాకు లేకపోవడంతో, తాము ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఒక ఉత్తుత్తి ఫంక్షన్‌ను పిలిచి, అది తిరిగివచ్చే చిరునామాను పట్టుకునేవారు. ఆ చిరునామాను మోయడానికే ఒక రిజిస్టర్ పోయేది.

పేరు బయటికి కనిపించడం వల్ల పడే ఖర్చు ఎంతో పైథాన్ అనుభవం చెబుతుంది. పైథాన్ 3.10లో, పోటీ పేర్లు రావని కంపైలర్‌కు మాట ఇచ్చే ఒక జీసీసీ ఎంపికను చేర్చారు. షేర్డ్ లైబ్రరీగా కట్టిన పైథాన్ దాంతో 30 శాతం దాకా వేగం పుంజుకుందని ఆ విడుదల ప్రకటనలోనే ఉంది. ఆ లాభంలో పెద్ద వాటా ఫంక్షన్ పిలుపులది, వేరియబుళ్లది కాదు. అయినా మూల కారణం ఒకటే: పేరు ఎవరిదో కంపైలర్‌కు ఖాయంగా తెలియడం.

## మెమరీ దాకా వెళ్లకుండానే పని కానివ్వడం

చిరునామాను ఎంత కుదించినా, దాన్ని అసలు వాడకపోవడానికి సాటిరాదు. స్టాటిక్ వేరియబుల్‌కు ఆ ఫైలులో ఎవరూ కొత్త విలువ రాయడం లేదని, దాని చిరునామా బయటికి పొక్కలేదని తేలితే కంపైలర్ దాన్ని స్థిరాంకంగా మార్చి, మెమరీలో జాగా కూడా తీసేస్తుంది. గ్లోబల్‌ను అలా తీయలేదు, ఎవరో ఎక్కడో మార్చవచ్చు. అన్ని ఫైళ్లనూ లింకు వేళ కలిపి చూసే పద్ధతి వాడితే గ్లోబల్స్‌కు కూడా ఈ భాగ్యం కొంత దక్కుతుంది.

లూపులో ‘మొత్తం’ అనే స్టాటిక్‌కు ప్రతిసారీ ఒక సంఖ్య కలుపుతున్నామనుకోండి. కంపైలర్ దాన్ని లూపు ముందు రిజిస్టర్‌లోకి తెచ్చి, లోపలంతా రిజిస్టర్‌లోనే కలిపి, చివర ఒక్కసారి మెమరీలో రాస్తుంది. లూపులో తెలియని ఫంక్షన్‌ను పిలిస్తే చిక్కు మొదలవుతుంది. ఆ ఫంక్షన్‌కు ‘మొత్తం’ పేరు తెలియకపోయినా, అది తిరిగి మన ఫైలులోని మరో ఫంక్షన్‌ను పిలిచి, ఆ దారిన దాన్ని తాకవచ్చు. కాబట్టి పిలిచే ముందు మెమరీలో రాయాలి, వచ్చాక మళ్లీ చదవాలి. దీన్ని తప్పించడానికే జీసీసీలో ‘లీఫ్’ అనే గుర్తు ఉంది: ఈ ఫంక్షన్ మన ఫైలులోకి వెనక్కి పిలవదు అని హామీ. పదం పొడవు కొలిచే స్ట్ర్‌లెన్‌కు జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) ఆ గుర్తు ఇచ్చింది. వరసపెట్టే క్యూసార్ట్‌కు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. మనం ఇచ్చిన పోలిక ఫంక్షన్‌ను పిలవడమే దాని పని.

ఈ స్వేచ్ఛకు 2011 నాటి సీ, సీ++ ప్రమాణాలు ఒక హద్దు గీశాయి. రుణ సంఖ్య వస్తేనే పెంచే ‘తప్పులు’ అనే కౌంటర్ ఉందనుకుందాం. దాన్నీ రిజిస్టర్‌లో ఉంచుకుని, రుణ సంఖ్య ఒక్కటీ రాకపోయినా లూపు చివర పాత విలువనే తిరిగి రాసేస్తే ఒకే త్రెడ్‌లో నష్టం లేదు. ఈలోగా మరో త్రెడ్ దాన్ని పెంచి ఉంటే ఆ పెంపు తుడిచిపెట్టుకుపోతుంది. ప్రోగ్రామర్ రాయని రాతను కంపైలర్ కల్పించకూడదన్నది ఇప్పుడు నియమం. దాంతో కొన్ని లూపులు కాస్త నెమ్మదించాయి; తాళం వేసి జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు మాత్రం నిలబడ్డాయి.

## స్టాటిక్ వేగమా, లోకల్ వేగమా

ఈ ప్రశ్నకు రెండు పక్షాలవాళ్లూ తమ ప్రాసెసర్‌ను చూసి సరైన జవాబే చెబుతున్నారు. చిక్కు ఎదుటివారి ప్రాసెసర్‌ను చూడకపోవడంలో ఉంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో స్టాక్ అయినా స్టాటిక్ అయినా అదే క్యాష్ గుండా వస్తాయి. కానీ లోకల్ వేరియబుల్ చాలాసార్లు మెమరీనే చూడకుండా రిజిస్టర్‌లో బతికేస్తుంది, స్టాటిక్ తన విలువను ఎక్కడో ఒకచోట భద్రపరచక తప్పదు. సీ++‌లో ఫంక్షన్ లోపలి స్టాటిక్‌కు మొదటి విలువ లెక్కగట్టాల్సి ఉంటే, అది అయిందో లేదో ప్రతి పిలుపులోనూ ఒక కాపలా గుర్తును చూసి మరీ ముందుకు పోవాలి. అక్కడ లోకల్‌దే పైచేయి.

1980లో వచ్చిన ఇంటెల్ 8051లో కథ తిరగబడుతుంది. దాని అంతర్గత ర్యామ్ 128 బైట్లు. స్థిర చిరునామా ఒక్క బైట్‌లో ఇన్‌స్ట్రక్షన్‌లోనే ఇమిడిపోతుంది, స్టాక్ పైనుంచి ఇంత దూరం అని చెప్పే సదుపాయం మాత్రం లేదు. అందుకే దాని కోసం రాసిన కైల్ కంపైలర్, ప్రోగ్రామర్ లోకల్ అని రాసినవాటిని కూడా స్థిరమైన చిరునామాల్లో పెడుతుంది. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలుస్తుందో చెట్టు గీసుకుని, ఒకేసారి నడవని రెండు ఫంక్షన్ల వేరియబుళ్లకు అవే బైట్లు పంచుతుంది. ఒక ఫంక్షన్ తనను తాను పిలుచుకుంటే, లేదా ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపించే అత్యవసర పిలుపు) మధ్యలో వచ్చి దాన్నే మళ్లీ పిలిస్తే, మొదటి పిలుపు విలువలు చెరిగిపోతాయి. అలాంటి ఫంక్షన్‌ను విడిగా గుర్తుపెట్టి చెప్పాలి.

అటు ఎల్‌ఎల్‌వీఎం సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది. ఒక స్టాటిక్ వేరియబుల్ మెయిన్ ఫంక్షన్‌లో తప్ప మరెక్కడా వాడకంలో లేదని తేలితే, మెయిన్ ఒక్కసారే నడుస్తుంది కాబట్టి, దాన్ని స్టాక్ మీదికి దించి లోకల్‌గా మార్చేస్తుంది. అక్కడి నుంచి అది రిజిస్టర్‌లోకి జారుకుంటే లింకర్‌కు నింపడానికి ఖాళీ కూడా మిగలదు.